దాసుగారి ధారణ, నా ర్యామ్

ముందే ఒక విషయం ఒప్పేసుకుంటాను. ఈ నెల సంచికకి మన ఉత్తరాంధ్ర పెద్దల్లో ఒకరి గురించి రాయమని క్లబ్ గ్రూపులో అడిగినప్పుడు నేను చేయి ఎత్తలేదు. నాది ఎల్కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదవడం వచ్చు గానీ, పద్యం కనిపిస్తే పేజీ తిప్పేసే బాపతు. ఇప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారి గురించి రాస్తున్నానంటే దానికి కారణం సాహిత్యం కాదు. ఎనిమిది జీబీల ర్యామ్ స్టిక్కు ఒకటి.

సంగతేంటంటే, నా లాప్‌టాప్‌లో మొదట్నుంచీ 8 జీబీ ర్యామే ఉంది. ఎమ్యులేటర్ ఒకటి, బ్రౌజర్ ఒకటి తెరిస్తే చాలు, ఫ్యాన్ రొద పెట్టేది, మౌస్ ఆగిపోయేది. రెండో స్లాట్ ఖాళీగా ఉంది కదా అని, నాన్న మెస్ బిల్లుతో పాటు పంపిన డబ్బుల్లోంచి సెకండ్ హ్యాండ్‌లో ఇంకో 8 జీబీ కొన్నాను. పాతది 2666 స్పీడు, కొత్తది 3200. రెండూ డీడీఆర్4 కాబట్టి నెమ్మదిగా ఉన్నదాని స్పీడుకే రెండూ నడుస్తాయి, ఇబ్బంది లేదు అని చదివాను. అది నిజమే. పెట్టగానే స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. తీసి, బంగారు రంగు కాంటాక్టుల్ని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, మళ్లీ ఏటవాలుగా పెట్టి, టిక్ అని శబ్దం వచ్చేదాకా నొక్కాను. ఆన్ అయింది. 16 జీబీ అని చూపించింది. అక్కడితో ఆగిపోయాను. టెస్ట్ చెయ్యలేదు. నా మొదటి తప్పు అదే.

రెండో తప్పు ఇంకా పెద్దది. మాది బొబ్బిలి వైపు పల్లెటూరు. తాతయ్యకి హరికథలంటే ప్రాణం. చిన్నప్పుడు శ్రీరామనవమి పందిళ్లలో విన్న కథలు, పద్యాలు, కీర్తనలు ఆయనకి నోటికి వచ్చు. పోయిన ఏడాది సంక్రాంతి సెలవుల్లో ఊరికే సరదాకి ఫోన్‌లో రికార్డ్ చేశాను. మొత్తం పదకొండు క్లిప్పులు. తర్వాత మాఘమాసంలో తాతయ్య పోయారు. ఫోన్ నిండిపోతోందని ఆ క్లిప్పుల్ని లాప్‌టాప్‌లోకి మార్చి, జిప్ చేసి, ఆ జిప్‌ని క్లౌడ్‌లో పెట్టి, ఫోన్‌లోవి తీసేశాను. అప్పటికి కొత్త ర్యామ్ పెట్టి వారం అయింది.

ఈ సంచిక కోసం దాసుగారి మీద ఏదైనా ఆడియో దొరుకుతుందా అని సీనియర్ ఒకరు అడిగితే, మా తాతయ్య పాడినవి ఉన్నాయి అని గొప్పగా చెప్పి జిప్ తెరిచాను. ఎనిమిది క్లిప్పులు వచ్చాయి. మూడు సీఆర్సీ ఎర్రర్ అని ఆగిపోయాయి. ఆ మూడింట్లో ఒకటి రుక్మిణీ కల్యాణం. క్లౌడ్‌లో ఉన్నదీ అదే పాడైన ఫైలు. పాడైపోయినదానికే నేను బ్యాకప్ తీసుకున్నానన్నమాట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మెమరీ టెస్టు నడిపిస్తూ, పక్కన ఫోన్‌లో దాసుగారి గురించి చదువుతూ కూర్చున్నాను. కింద రాసేదంతా అలా మొదలైంది.

నారాయణదాసు గారు 1864 ఆగస్టు 31న అజ్జాడలో పుట్టారు. బలిజిపేట దగ్గర ఊరు, అప్పట్లో బొబ్బిలి తాలూకా. ఈ మధ్య జిల్లాలు విడదీశాక పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. పుట్టినప్పుడు పెట్టిన పేరు సూర్యనారాయణ. మా ఊరి నుంచి బస్సులో పోయే దూరమే. ఇన్నేళ్లలో ఆ ఊరి పేరు బోర్డు మీద చూడటమే తప్ప ఎందుకు దిగాలో నాకు తెలీలేదు.

ఆయన చిన్నతనం గురించి ఒక కథ మా వైపు అందరూ చెప్పుకుంటారు. అయిదేళ్లప్పుడు పుస్తకాల దుకాణం దగ్గర భాగవతం కొనిపెట్టమని మారాం చేశాడట. ఇంత చిన్న గుంటడికి భాగవతం ఎందుకని దుకాణదారు నవ్వితే, ఇంట్లో విని విని వంటబట్టిన పద్యాల్ని గడగడా అప్పజెప్పాడట. ఆ దుకాణదారు డబ్బు తీసుకోకుండా పుస్తకం చేతిలో పెట్టాడట. ఇందులో ఎంత నిజమో, ఎంత తర్వాత చేరిందో పక్కన పెడితే, కథలో అసలు పాయింటు నాకు నచ్చింది. పుస్తకం కావాలని అడిగే సమయానికే పుస్తకంలోది కొంత ఆయన దగ్గర ఉంది. మనకి రివర్స్. పీడీఎఫ్ మన దగ్గర ఉంటుంది, లోపలున్నది మాత్రం మన దగ్గర ఉండదు.

బొబ్బిలి సంస్థానంలో వాసా సాంబయ్య గారని విద్వాంసుడు ఉండేవారు. ఆయన దగ్గర కొన్నాళ్లు సంగీతం నేర్చుకున్నారు. తర్వాత అన్నగారు విజయనగరం తీసుకెళ్లి ఇంగ్లీషు బడిలో వేశారు. అంటే దాసుగారు కూడా ఒక రకంగా ఇంగ్లీషు చదువు పిల్లాడే. ఆ రోజుల్లో విజయనగరం అంటే మామూలు ఊరు కాదు. ఆనంద గజపతి మహారాజు గారి కాలం. గురజాడ అప్పారావు గారు దాసుగారి కంటే రెండేళ్లు పెద్ద, అదే ఊళ్లో ఉండేవారు. కోట, కాలేజీ, సంగీతం, నాటకాలు అన్నీ ఒక నాలుగు వీధుల్లో నడిచేవి.

మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు అనే ఆయన చెప్పిన హరికథ విని, ఇది నేనూ చెయ్యగలను అని దాసుగారికి అనిపించింది. 1883లో ధ్రువ చరిత్ర తనే రాసుకుని, తనే పాడి, తనే ఆడి చెప్పారు. అది మొదటి హరికథ. లెక్క వేసుకోండి, పంతొమ్మిదేళ్లు నిండీ నిండని వయసు. ఇప్పుడు నా వయసు. నేను ఆ వయసులో ఒక ర్యామ్ స్టిక్కు సరిగ్గా పెట్టలేకపోయాను.

హరికథ చూడనివాళ్ల కోసం ఒక మాట. మెడలో పూలదండ, కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు. మనిషి ఒక్కడే. కథ చెప్పాలి, పద్యం చదవాలి, కీర్తన పాడాలి, అడుగు వెయ్యాలి, పాత్ర మారినప్పుడల్లా గొంతు మార్చాలి, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించి మళ్లీ వదిలేసిన చోటికే రావాలి. మూడు నాలుగు గంటలు. చేతిలో కాగితం ఉండదు. దాసుగారికి ముందు కూడా కథలు చెప్పేవాళ్లు ఉన్నారు. కానీ సంగీతం, సాహిత్యం, నృత్యం, అభినయం అన్నీ ఒకే మనిషిలో ఈ స్థాయిలో కలిపి తెలుగు హరికథకి ఒక రూపం ఇచ్చింది ఆయనే. అందుకే హరికథా పితామహుడు అంటారు.

ఇక నన్ను ఆ రాత్రి కూర్చోబెట్టేసిన విషయం ఆయన అవధానాలు.

అష్టావధానం అంటే ఎనిమిది మంది ప్రశ్నలు అడిగేవాళ్లు ఒకేసారి మీద పడతారు. వాళ్లని పృచ్ఛకులు అంటారు. ఒకాయన ఈ విషయం మీద పద్యం చెప్పమంటాడు. అవధాని మొదటి పాదం చెప్పి ఆపేసి రెండో ఆయన దగ్గరికి వెళ్తాడు. అందరి దగ్గరా ఒక్కో పాదం అయ్యాక మళ్లీ మొదటి ఆయన దగ్గరికి వచ్చి రెండో పాదం చెప్పాలి. ఇలా నాలుగు రౌండ్లు. మన ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో చెప్పే రౌండ్ రాబిన్ షెడ్యూలింగ్ ఇదే. ఒక్కో పనిని ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకుని, ఇంకో పనికి వెళ్లి, మళ్లీ సరిగ్గా అక్కడికే రావడం. తేడా ఏంటంటే ప్రాసెసర్ ఆ స్థితిని మెమరీలో రాసిపెట్టుకుంటుంది. అవధాని తలలోనే పెట్టుకోవాలి.

ఆ ఎనిమిదింట్లో కొన్ని ఇంకా చిత్రమైనవి. నిషేధాక్షరిలో పృచ్ఛకుడు పక్కనే కూర్చుని తర్వాత అక్షరం ఫలానాది వాడకూడదు అని అడ్డుపడుతుంటాడు. అవధాని అప్పటికప్పుడు దారి మార్చుకుని, అర్థం చెడకుండా, ఛందస్సు తప్పకుండా పద్యం నడపాలి. వ్యస్తాక్షరిలో ఒక వాక్యాన్ని ముక్కలు చేసి, పన్నెండో అక్షరం ఇది, మూడో అక్షరం ఇది అని మధ్య మధ్యలో వరస తప్పించి అందిస్తారు. చివర్లో మొత్తం వాక్యాన్ని కూర్చి చెప్పాలి. నెట్‌వర్క్స్‌లో ప్యాకెట్లు వరస తప్పి వచ్చినా సీక్వెన్స్ నంబర్ చూసి సర్దుకోవడం గుర్తొచ్చిందా? ఇంకొకాయన ఎప్పుడు పడితే అప్పుడు గంట కొడతాడు. మొత్తం ఎన్ని గంటలు కొట్టాడో చివర్లో చెప్పాలి. అది ఇంటరప్ట్ కౌంటర్. ఇవన్నీ నడుస్తుంటే ఒకాయన ఏవేవో పనికిరాని కబుర్లు వేసి ఏకాగ్రత చెడగొడుతుంటాడు. దాన్ని అప్రస్తుత ప్రసంగం అంటారు. అది నాయిస్. అన్నీ అయ్యాక అవధాని చెప్పిన పద్యాలన్నీ మొదటి నుంచి వరసగా అప్పజెప్పాలి. దీన్ని ధారణ అంటారు. ధారణలో తప్పితే అవధానం తప్పినట్టే.

దాసుగారు ఇది చాలదనుకున్నారు. తన అవధానానికి అసాధ్య అష్టావధానం అని పేరు పెట్టుకున్నారు. రెండు కాళ్లతో రెండు తాళాలు, రెండు చేతులతో ఇంకో రెండు తాళాలు వేస్తూ, పల్లవి పాడుతూ, అడిగినవాళ్లకి అడిగిన చోట ముక్తాయింపు ఇస్తూ, తెలుగులోనూ సంస్కృతంలోనూ పద్యాలు చెబుతూ, వ్యస్తాక్షరి, నిషేధాక్షరి, గంటల లెక్క, లెక్కల సమస్యలు, ఇంగ్లీషులో ఉపన్యాసం. ఇవన్నీ ఒకే కూర్చుడులో. బందరు వైపు, మద్రాసులో, మైసూరులో ఎక్కడికి వెళ్లినా జనం విరగబడి చూశారంటే ఆశ్చర్యమేముంది?

ఇంతలో నా టెస్టు మొదటి ఎర్రర్ చూపించింది. ఎర్రటి లైను ఒకటి, తర్వాత ఇంకొకటి, తర్వాత వరసగా. టెస్టు చేసే పని చాలా సింపుల్. మెమరీ అంతటా ఒక ప్యాటర్న్ రాస్తుంది, తిరిగి చదువుతుంది, రాసింది చదివింది ఒకటేనా చూస్తుంది. ఒక రకంగా ధారణ పరీక్షే. నా స్టిక్కు ధారణలో తప్పింది. అదీ ప్రతిసారీ దాదాపు ఒకే ప్రాంతంలో, ఒకే బిట్టు దగ్గర.

అప్పుడైనా పద్ధతిగా చెయ్యాలని కాగితం మీద రాసుకుని చేశాను. పాత స్టిక్కు ఒక్కటే మొదటి స్లాట్‌లో పెడితే పాస్. అదే రెండో స్లాట్‌లో పెడితే పాస్. అంటే స్లాట్లు రెండూ బాగున్నాయి. కొత్తది ఒక్కటే మొదటి స్లాట్‌లో ఫెయిల్, రెండో స్లాట్‌లో కూడా ఫెయిల్. అంటే స్పీడు తేడా కాదు, స్లాటు కాదు, విండోస్ కాదు, డ్రైవర్ కాదు. స్టిక్కే. నాలుగు టెస్టులు, ఒక రాత్రి. దీనికి ముందు రెండు వారాల పాటు బ్రౌజర్ ట్యాబులు క్రాష్ అయితే బ్రౌజర్‌ని, నీలం స్క్రీన్ వస్తే అప్‌డేట్‌ని తిట్టాను. ఒకసారి విండోస్ మొత్తం తీసి మళ్లీ వేశాను. ఆ ఇన్‌స్టాలేషన్ కూడా ఫైలు కాపీ కాలేదని సగంలో ఆగింది. అప్పుడైనా బుర్ర వెలగలేదు. ఒకేసారి ఒక్కటి మార్చి చూడాలి అనే చిన్న సూత్రం పాటించి ఉంటే మొదటి రోజే తేలిపోయేది.

ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లో దాచిన ఛార్జి. అది కారిపోతూ ఉంటుంది. అందుకే మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్ల లోపు ప్రతి వరసనీ ఒకసారి చదివి మళ్లీ రాయాలి. దాన్నే రిఫ్రెష్ అంటారు. తాతయ్య రోజూ తెల్లారి పశువులకి గడ్డి వేస్తూ అవే పద్యాలు వల్లించేవారు. ఎందుకు తాతా రోజూ అవే అంటే, అనకపోతే పోతాయిరా అనేవారు. నేను నవ్వేవాణ్ని. ఇప్పుడు చూస్తే అది రిఫ్రెష్ సైకిల్. నా కొత్త స్టిక్కులో ఎక్కడో ఒక చోట ఛార్జి నిలవడం లేదు. మన లాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి తప్పుని పట్టుకునే ఈసీసీ మెమరీ ఉండదు. అందుకే తప్పు జరిగినట్టు ఎవరూ చెప్పరు. ఒకటి సున్నా అయిపోతుంది, సున్నా ఒకటి అయిపోతుంది, పని జరిగిపోతూనే ఉంటుంది. తాతయ్య గొంతు ఆ దారి గుండా వెళ్లింది.

మళ్లీ దాసుగారి దగ్గరికి వద్దాం. ఆయన్ని లయబ్రహ్మ అన్నారు, పంచముఖీ పరమేశ్వరుడు అన్నారు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, వీటితో ఐదు వేరు వేరు తాళాలు ఒకేసారి వేసేవారు. ఇది వినడానికి సర్కస్‌లా ఉంటుంది గానీ లోపల గణితం ఉంది. కర్ణాటక సంగీతంలో ఐదు జాతులు ఉన్నాయి. తిశ్రం 3, చతురశ్రం 4, ఖండం 5, మిశ్రం 7, సంకీర్ణం 9. ఈ ఐదు లెక్కలూ ఒకే క్షణంలో మొదలైతే మళ్లీ ఐదూ కలిసి మొదటి దెబ్బ దగ్గర కలుసుకునేది ఎప్పుడు? కసాగు తీస్తే 1260. సెకనుకి ఒక దెబ్బ అనుకుంటే 21 నిమిషాలు. ఆ 21 నిమిషాలూ ఏ ఒక్కటీ ఒక్క దెబ్బ కూడా జారకూడదు.

నాకు అనుమానం వచ్చి పైథాన్‌లో ఐదు థ్రెడ్లు పెట్టి, ఒక్కో దాంట్లో స్లీప్ వాడి ఐదు తాళాలు వేయించాను. కొన్ని నిమిషాలకే జారడం మొదలైంది. స్లీప్ అనేది అడిగినంత సేపు కంటే కొంచెం ఎక్కువే ఆగుతుంది, ఆ కొంచెం కొంచెం పోగవుతుంది. ఒకే గడియారాన్ని చూసి ఐదూ నడిచేలా మార్చాక కుదిరింది. దాసుగారి లోపల కూడా ఐదు గడియారాలు ఉండి ఉండవు. ఒకటే లయ ఉండి ఉంటుంది, ఐదు అవయవాలూ దాన్నే వింటూ ఉండి ఉంటాయి. ఇది నా ఊహ. కానీ ఆ ప్రోగ్రాం రాశాక లయబ్రహ్మ అన్న బిరుదు నాకు బిరుదులా అనిపించలేదు, స్పెసిఫికేషన్‌లా అనిపించింది.

ఆయన్ని జ్ఞాపకశక్తి మెషిన్ లాగా చూపిస్తే అన్యాయం. ఆయన రాశారు కూడా, చాలా రాశారు. హరికథలే తెలుగులోనూ సంస్కృతంలోనూ ఉన్నాయి. నవరస తరంగిణిలో కాళిదాసునీ షేక్స్‌పియర్‌నీ పక్క పక్కన పెట్టి చూపించారు. ఈసప్ కథల్ని నూరుగంటి పేరుతో అచ్చ తెలుగులోకి తెచ్చారు. ఉమర్ ఖయ్యాం రుబాయీల విషయంలో అయితే, పారశీక మూలాన్నీ, ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు అనువాదాన్నీ ముందు పెట్టుకుని, వాటిని సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ మార్చారు. 1932లో ఆ పుస్తకం వచ్చేనాటికి ఆయనకి 68 ఏళ్లు దగ్గర పడ్డాయి. అచ్చ తెలుగు అంటే సంస్కృత పదం ఒక్కటి కూడా రాకుండా రాయడం. నిషేధాక్షరిని జీవితకాలం ఆడుకున్నట్టు ఉంది కదా. తన చిన్నతనం, యౌవనం గురించి నా యెఱుక అని స్వీయచరిత్ర రాసుకున్నారు.

అయినా ఆలోచిస్తే భయం వేస్తుంది. పుస్తకాల్లోకి ఎక్కింది ఉంది. ఐదు తాళాలు, ఆ గొంతు, ఆ గజ్జెల అడుగు, అప్పటికప్పుడు చెప్పిన పద్యాలు, ఇవి ఒకే ఒక్క మనిషి ఒంట్లో ఉన్నాయి. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నది పోయినట్టే, మనిషి పోతే పోతాయి. దీనికి మందు ఏంటి?

విజయనగరం దగ్గర ఒక జవాబు ఉంది. 1919లో విజయరామ గజపతి మహారాజు గారు సంగీత పాఠశాల పెట్టారు. విజయరామ గాన పాఠశాల. మొదటి ప్రిన్సిపాల్ నారాయణదాసు గారు. అదే ఇప్పుడు మనం మహారాజా సంగీత కళాశాల అంటున్నది. వయొలిన్ నేర్చుకోవాలని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు అనే కుర్రాడి వాయిద్యం విని, నువ్వు చదవడానికి కాదు, చెప్పడానికి రావాలి అని దాసుగారు ఉద్యోగం ఇప్పించారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ద్వారం గారు అప్పటికి పాతికేళ్ల వయసువాడు. 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యింది ఆయనే. ఆ కాలేజీలోనే ఘంటసాల చదివారు, పట్రాయని సీతారామశాస్త్రి గారి నీడన, ఇల్లిల్లూ తిరిగి మధూకరం తెచ్చుకుని తింటూ. ఆ ఊరి పిల్ల పి. సుశీల కూడా అక్కడే నేర్చుకున్నారు. మన ఇళ్లల్లో రేడియోలో విన్న గొంతులు ఇవి. దాసుగారి ఒంట్లో ఉన్నదంతా వాళ్లకి వెళ్లిందని కాదు. ఒక మనిషి తన తర్వాత నలుగురు కూర్చుని నేర్చుకునే చోటుని నిలబెడితే, అది ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి రాస్తున్నాను. అసలైన బ్యాకప్ అంటే ఫైలుని ఇంకో చోట పెట్టడం కాదు. ఇంకో మనిషి దాన్ని తిరిగి చెప్పగలగడం.

1945 జనవరి 2న దాసుగారు వెళ్లిపోయారు. ఎనభై ఏళ్లు.

ఇక నా మూడు క్లిప్పుల సంగతి. రికవరీ టూల్స్ అన్నీ ప్రయత్నించాను. రెండు క్లిప్పులు పోయాయి, అంతే. రుక్మిణీ కల్యాణంలో మొదటి రెండు నిమిషాలు బయటికి వచ్చాయి. తర్వాత ఒక ఉత్పలమాల మొదలై, రెండో పాదం మధ్యలో తెగిపోయింది.

ఆ ఆదివారం ఇంటికి వెళ్లి మామ్మకి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఏదీ ఇనిపించు అంది. తాతయ్య గొంతు రాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పద్యం తెగిన చోట నేను ఆపేశాను. మామ్మ ఆగలేదు. మిగతా రెండున్నర పాదాలు ఆవిడే చెప్పేసింది. నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. మామ్మ ఒక్కసారి కూడా మా ముందు పద్యం పాడలేదు. నలభై ఏళ్లకి పైగా రోజూ తెల్లారి పక్కింట్లోకి వినబడేంత గట్టిగా ఆయన వల్లిస్తుంటే, పొయ్యి దగ్గర కూర్చుని విన్నది. ఆ రిఫ్రెష్ సైకిల్ రెండు చోట్ల రాస్తోందని మా ఎవరికీ తెలీదు.

ఒక్క చోట మాత్రం తడబడింది. మూడో పాదం మొదట్లో రెండు మాటలు చెప్పి, ఇందులో ఏదో ఒకటిరా అంది. నేను ఆ వారమే నేర్చుకున్న విద్య వాడాను. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు ఉండాలి, అది ప్రాస. పదో అక్షరం మొదటి అక్షరంతో కలవాలి, అది యతి. మామ్మ చెప్పిన రెండు మాటల్లో ఒకటి ప్రాసకి కుదరలేదు. రెండోది కుదిరింది. గురువులు లఘువులు వేళ్ల మీద లెక్కపెడితే ఇరవై సరిపోయాయి. చూసి చెప్పగానే, ఆఁ అదే, తాత అలాగే అనేవాడు అంది.

నా జిప్ ఫైల్లోని సీఆర్సీ ఫైలు పాడైందని చెప్పగలిగింది, అంతే. ఏది పాడైందో, దాని స్థానంలో ఏముండాలో చెప్పలేకపోయింది. యతి, ప్రాస, గణాలు ఆ పని కూడా కొంత చేశాయి. స్కూల్లో ఛందస్సు పాఠం వచ్చినప్పుడు ఇది ఎవరికి ఉపయోగం అని నేను అడిగిన ప్రశ్నకి జవాబు ఇన్నేళ్లకి మా వంటింట్లో దొరికింది.

ఆ స్టిక్కు ఇప్పుడు నా టేబుల్ మీద పేపర్ వెయిట్. అమ్మినవాళ్ల దగ్గర బిల్లు తీసుకోలేదు, మొదటి రోజు టెస్టు చెయ్యలేదు, కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. లాప్‌టాప్ మళ్లీ 8 జీబీ మీదే నడుస్తోంది, నెమ్మదిగా, కానీ అబద్ధం చెప్పకుండా. మిగిలిన క్లిప్పులకి చెక్‌సమ్ తీసి మూడు చోట్ల పెట్టాను. ఫోన్‌లోవి తీసెయ్యలేదు.

పోయిన రెండు క్లిప్పుల్లో ఏమున్నాయో మామ్మకి ఇంకా పూర్తిగా గుర్తు రాలేదు. ఒకటి ధ్రువుడి కథలోది అంటుంది. దసరా సెలవులకి వెళ్లి కూర్చుంటాను. ఈసారి రికార్డింగు ఆన్ చేసి పక్కన పెడతాను గానీ, ఆ ఉత్పలమాల మాత్రం నేనే నేర్చుకుంటున్నాను. రోజూ పొద్దున్న హాస్టల్ మెట్లు దిగుతూ ఒకసారి అనుకుంటాను. నిన్నటికి మూడు పాదాలు వచ్చాయి.